ఎంక్వైరీ వదిన సముద్రం చూసొచ్చింది

బస్‌స్టాండులో ఎంక్వైరీ కిటికీ వెనకాల కూర్చునే ఆవిడను డ్రైవర్లు, కండక్టర్లు, చివరికి డిపో మేనేజరు కూడా వదిన అనే పిలుస్తారు. ఆ వరస ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ గుర్తులేదు. అక్కా అనే చనువు చాలక, అమ్మా అంటే ఊరుకోదేమోనని జంకి, మధ్యేమార్గంగా ఎవరో వదినా అని ఉంటారు. వదినైతే నాలుగు మాటలన్నా పడొచ్చు, వరసలో ఉన్నదే.

ఆ కిటికీకి మందపాటి అద్దం, అద్దానికి చిల్లులు, చిల్లుల కింద చెయ్యి దూరేంత సందు. ఆ సందులోంచి లోకమంతా వచ్చి అడిగేది మూడే ప్రశ్నలు. బస్సు ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం, టాయ్‌లెట్ ఎటు. జవాబులు వదిన దగ్గర ఉండేవి. ఉత్తినే మాత్రం ఇచ్చేది కాదు.

"మేడం, కొండమీది బస్సు వెళ్లిపోయిందా?"

"వెళ్లిపోయింది. మీరు రాలేదని ఏడుస్తూనే వెళ్లింది."

"ఈ బస్సు తిన్నగా వెళ్తుందా అండీ?"

"లేదండీ, రోడ్డు ఎటు తిరిగితే అటు తిరుగుతుంది."

ఇన్నేళ్లలో ఆవిడకు ప్రయాణాల మీద ఒక స్థిరమైన అభిప్రాయం ఏర్పడింది. వెళ్లేటప్పుడు పెళ్లివారిలా వెళ్తారు, వచ్చేటప్పుడు పోలీసులు వదిలిపెట్టినట్టు వస్తారు. మొహాన దుమ్ము, కాళ్లకు వాపు, సంచిలో మన వీధి చివర కొట్లో దొరికే బొమ్మ. ఎలాగూ వెనక్కి రావలసిందే అయినప్పుడు అసలు బయల్దేరడం దేనికి? ఈ సిద్ధాంతానికి కట్టుబడి వదిన ఇంటి నుంచి బస్‌స్టాండుకి, బస్‌స్టాండు నుంచి ఇంటికి తప్ప ఎటూ కదిలేది కాదు. అదీ నడిచే.

ఆవిడ భర్త కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. మితభాషి. పుట్టుకతో అలాంటివాడా, పెళ్లయ్యాక అయ్యాడా అన్నది చుట్టాల్లో ఇప్పటికీ తేలని తగువు.

ఒక సాయంత్రం ఆయన చెల్లెలు వచ్చింది. యాభై దాటినా ఇంట్లో అందరికీ ఆమె పాపాయే. రెండు కుర్చీల బ్యూటీ పార్లరు నడుపుతుంది. మొగుడు పోయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. ఊళ్లో సగంమంది కనుబొమలు ఆమె చేతి చలవే. ఆ చేత్తోనే ఇప్పుడు రెండు రంగురంగుల టిక్కెట్లు బల్లమీద పెట్టింది.

"వదినా, నువ్వు కాదనకూడదు."

"కాదంటానని తెలిసే వచ్చావన్నమాట. చెప్పు."

"నేనూ నా ఫ్రెండూ ఓడలో దీవులు తిరిగిరావాలని టిక్కెట్లు కొనుక్కున్నాం. పాపం దానికి కుడికాలు విరిగింది. టిక్కెట్లు వెనక్కి తీసుకోరట. నువ్వు రా."

"ఏముంటుంది ఆ దీవుల్లో?"

"కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, నీలం నీళ్లు..."

"కొబ్బరికాయ కింద కొట్లో ఉంది. ఇసుక పక్కింటివాళ్లు ఇల్లు కడుతూ వీధంతా పోశారు. నీళ్లు కుళాయిలో వచ్చినప్పుడు పట్టుకో. దూరపు కొండలు నునుపన్నారు, దూరపు దీవుల సంగతి వేరే చెప్పాలా?"

మూల కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటున్న భర్త, "వెళ్లిరా" అన్నాడు.

వదిన చివాలున తిరిగింది. "ఎప్పుడూ లేనిది ఇంత చప్పున నోరెలా వచ్చింది మీకు?"

ఆయన మళ్లీ అద్దాల్లో పడిపోయాడు. పాపాయి టీ తాగుతూ ఫ్రెండు కష్టాలన్నీ ఏకరువు పెట్టింది. ఆ ఊపులో పాపం ఎడమకాలికి కట్టుతో మంచానికి అంటుకుపోయిందని కూడా చెప్పేసింది. కప్పు చేతికి తీసుకున్నప్పుడు విరిగింది కుడికాలు. కప్పు ఖాళీ అయ్యేసరికి ఎడమకాలైంది. వదినకు అది వినబడకపోలేదు. అయినా ఏమీ అనలేదు. ఆవిడ ఏమీ అనకపోవడం ఆ ఇంట్లో అరుదైన సంఘటన.

"సరే, వస్తా. నీళ్లు నీలంగా లేకపోతే మాత్రం నీ పని చెప్తా" అంది.

ఓడ ఎక్కగానే వదినకు అర్థమైంది, ఓడంటే పెద్ద బస్‌స్టాండని. అవే క్యూలు, అవే పెట్టెలు, తప్పిపోయిన అవే మొగుళ్లు. తేడా ఒక్కటే, ఇక్కడ బస్సుకి బదులు బస్‌స్టాండే కదులుతుంది. వాళ్ల కేబిన్ అడుగు అంతస్తులో ఉంది. రెండు మంచాలు, ఒక అద్దం, గోడకు పూలపూల కర్టెన్. వదిన ఆశగా కర్టెన్ లాగింది. వెనకాల గోడే ఉంది.

"గోడకు కర్టెన్ దేనికే? సిగ్గా?"

"కిటికీ ఉన్న గదులు ఖరీదు వదినా."

"మరి లేని కిటికీకి గుడ్డెందుకు ఖర్చుపెట్టారు?"

మంచం మీద తువ్వాలుతో ఏనుగుని మడిచి పెట్టారు. పాపాయి ఫోను తీసి దానికి ఫొటో తీసేలోపల వదిన ఏనుగుని విప్పేసి మొహం తుడుచుకుంది. మర్నాడు కోతి వచ్చింది. ఆ మర్నాడు హంస. "తువ్వాలుని తువ్వాలులా పెడితే వీళ్ల సొమ్మేం పోయింది" అని ఆవిడ రోజూ ఒక ప్రాణిని సంహరించింది.

పైన డెక్ మీద తెల్లకోటు యువకుడొకడు మైకు పట్టుకుని పొద్దస్తమానం అరుస్తుండేవాడు. వదిన వాడికి మైకు బాబు అని పేరు పెట్టింది. "అందరూ సంతోషంగా ఉన్నారా?" అని వాడు అరిచేవాడు. జనం "ఆ!" అనేవారు. "నాకు వినబడలేదు!" అనేవాడు వాడు.

"చెవుల డాక్టరుకి చూపించుకో నాయనా" అనేది వదిన.

భోజనాల హాల్లో మనుషులు పళ్లాలు నింపుకునే తీరు చూస్తే రేపట్నుంచి కరువని వాళ్లకొక్కళ్లకే ఎవరో చెవిలో చెప్పినట్టుంది. ఆ రద్దీ పడలేక వదిన లిఫ్టు పక్కన సోఫాలో కూర్చునేది. కూర్చున్న పాపానికి దారినపోయే ప్రతివాడూ వచ్చి ఆవిడనే అడిగేవాడు, ఈత కొలను ఎటు, సినిమా ఎటు, టాయ్‌లెట్ ఎటు అని. ఒంటిమీద యూనిఫాం లేదు, ముందు అద్దం లేదు. ఆ మొహంలో వాళ్లకేం కనబడిందో భగవంతుడికే తెలియాలి. రెండోరోజుకల్లా ఓడలో టాయ్‌లెట్లన్నీ ఆవిడకు కంఠతా వచ్చాయి.

వాళ్ల గదికి సరిగ్గా నెత్తిన డ్యాన్సు హాలు. పడుకుంటే చాలు, పైన ఏనుగుల పెళ్లి. వదిన తిన్నగా ఫిర్యాదుల కౌంటరుకి వెళ్లింది. అక్కడ నున్నగా జుట్టు దువ్వుకున్న అమ్మాయి ఒకతె నవ్వుతూ నిలబడి ఉంది.

"మీ ఇబ్బంది నాకు పూర్తిగా అర్థమైంది మేడం. సంబంధిత విభాగానికి తెలియజేస్తాం."

వదిన ఉలిక్కిపడింది. అది తన మాట. తన కిటికీలో ఇన్నేళ్లుగా తాను వాడుతున్న మాట.

"ఆ విభాగం ఎక్కడుందో చెప్పు, నేనే వెళ్తా."

"అది ఈ కౌంటరు పరిధిలోకి రాదు మేడం."

"ఎప్పటికి తెలియజేస్తారు?"

"వీలైనంత త్వరలో మేడం."

నవ్వు చెక్కుచెదరలేదు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అన్నారా? వదిన కాసేపు ఆ అమ్మాయిని ఎగాదిగా చూసింది. "వృద్ధిలోకొస్తావ్" అని దీవించి, దూది అడిగి తెచ్చుకుని చెవుల్లో పెట్టుకుంది.

మొదటి దీవిలో ఓడ దిగగానే దుకాణాలు. శంఖాలు, పూసలు, టోపీలు. "ఈ దీవిలో చేసినవే" అని రాసి ఉన్న బొమ్మని వదిన తలకిందులు చేసి చూసింది. అడుగున ఎక్కడో సముద్రాల అవతలి దేశం పేరుంది. "పాపం, మనకంటే ఇదే ఎక్కువ తిరిగింది" అంది. రెండో దీవిలో అడుగున గాజు బిగించిన పడవ ఎక్కించారు. చేపలు కనబడతాయన్నారు. గాజు పాచిపట్టి ఉంది. అందరూ బోర్లాపడి చూడగా చూడగా ఒక చెప్పు కనిపించింది. పాపాయి దానికీ ఫొటో తీసింది. నీళ్లు మాత్రం నీలంగానే ఉన్నాయి. అంత నీలం నీళ్లు వదిన పుట్టి బుద్ధెరిగి చూడలేదు. ఆ సంగతి ఎవరూ అడగలేదు కాబట్టి ఆవిడ చెప్పలేదు.

పాపాయి అసలు ఆశంతా ఆఖరి దీవి మీద. అక్కడ ఇసుకలోంచి తాబేలు పిల్లలు బయటికొచ్చి సముద్రంలోకి నడుచుకుంటూ పోతాయట.

"తాబేలు నడక చూడటానికి ఇంతదూరం రావాలా? మా డిపోలో లేటు బస్సులు లేవూ?" అంది వదిన. అని ఊరుకోకుండా, గది ఊడ్చే మనిషి వచ్చినప్పుడు ఏమీ ఎరగనట్టు అడిగింది, "ఆ పిల్లలు ఎంతుంటాయేమిటి?"

అతను చీపురు గోడకి ఆనించి అరచెయ్యి చాపి మధ్యలో చూపించాడు. "ఇంతే ఉంటాయమ్మా. అల దగ్గరికి వెళ్లాక ఒక్కసారి ఆగుతాయి. భయమో ఏమో. తర్వాత అలే వచ్చి తీసుకుపోతుంది."

వదిన "ఊఁ" అంది. ఆ దీవికి చేరాల్సిన రోజు పొద్దున పాపాయి లేచేసరికి వదిన బూట్లు వేసుకుని, టోపీ పెట్టుకుని, మంచం మీద కూర్చుని ఉంది.

"బయల్దేరదామా?" అంది పాపాయి.

"నాకేం తొందర? నీకోసమే" అంది వదిన, అప్పటికే తలుపు తీస్తూ.

అప్పుడు వినబడింది మైకు బాబు గొంతు. గాలి ఎక్కువగా ఉంది, దీవి దగ్గర పడవలు దించడం కుదరదు, తాబేళ్ల కార్యక్రమం రద్దు, అందరూ నిరాశపడకుండా హాల్లోకి వచ్చి బింగో ఆడుకోవచ్చు.

ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య అన్నది సామెత. ఇక్కడ ఏరు దాటకముందే బోడి మల్లయ్య ఎదురయ్యాడు. పాపాయి ఉసూరుమని కూలబడింది. వదిన మాత్రం విసవిసా మెట్లెక్కి ఫిర్యాదుల కౌంటరు ముందు నిలబడింది.

"సముద్రం మీద గాలి ఉంటుందని మీకు ఇవాళే తెలిసిందా?"

"మీ బాధ నాకు పూర్తిగా..."

"ఆ ముక్క నాకు అమ్మకు. అది నేను తయారుచేసే సరుకు. మీ పైవాణ్ణి పిలువు."

వెనకాల జనం పోగయ్యారు. ఇన్నాళ్లూ ఆవిడని దారులడిగినవాళ్లందరూ ఇప్పుడు ఆవిడ వెనక నిలబడి "అంతే కదా! నిజమే కదా!" అంటున్నారు. పాపాయి జనాన్ని తోసుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకుంది.

"వదినా, అక్కడ చూడటానికేముంది అన్నావుగా?"

"ఏమీ లేదని చూసొచ్చి చెప్పడం వేరు, చూడకుండా చెప్పడం వేరు!"

కాసేపటికి పైవాడు వచ్చి, గాలి తగ్గేదాకా పక్కనే ఉన్న చిన్న దీవి చాటున ఓడ ఆపుతున్నామనీ, కావాలంటే సాయంత్రం దాకా దిగి తిరిగిరావచ్చనీ ప్రకటించాడు. ఆ నిర్ణయం కెప్టెన్ పొద్దున్నే తీసుకున్నాడు. జనానికి ఆ సంగతి తెలియదు. వదిన వల్లే ఓడ ఆగిందని చప్పట్లు కొట్టారు. వదిన కూడా వాళ్ల మాట కాదనలేదు.

తీరా ఆగాక వాన మొదలైంది. చప్పట్లు కొట్టిన వీరులందరూ బింగోకి పోయారు. దిగింది వదిన, పాపాయి ఇద్దరే.

ఆ దీవిలో పూసలమ్మేవాళ్లు లేరు, గాజు పడవలు లేవు. సిమెంటు రేవు, మూసేసిన ఒక కొట్టు, రేకుల కింద ఒక బల్ల. బల్ల దగ్గర బస్సొచ్చి ఆగింది. పాతది, తలుపు దగ్గర తాడు కట్టిన బస్సు. వదిన డ్రైవరుని అడిగింది, "ఎక్కడిదాకా వెళ్తుంది?"

అతను తన భాషలో చాలాసేపు చెప్పాడు. మంచివాడు. మళ్లీ అడిగితే మళ్లీ అంతసేపూ చెప్పాడు. మూడోసారి అడగబోయి వదిన ఆగిపోయింది. ఒకే ప్రశ్న మూడుసార్లు అడిగేవాళ్లని తాను ఏమనేదో గుర్తొచ్చి చెవులు వేడెక్కాయి. నోరుమూసుకుని ఎక్కింది.

లోపల పదిమంది మనుషులు, ఒక తలుపు. నిజం తలుపే, కొత్త చెక్కది, రంగు ఇంకా వెయ్యలేదు. దాని యజమాని నడవలో నిలబెట్టి పట్టుకున్నాడు. బస్సు మలుపు తిరిగినప్పుడల్లా అది ఒకవైపు వాలేది, ఆ వైపువాళ్లు చేతులడ్డం పెట్టి అవతలికి తోసేవారు. రెండో మలుపుకే వదినకు పద్ధతి తెలిసిపోయింది. మూడో మలుపుకి, "ఆ మూల పట్టుకోండయ్యా, మూల!" అని తెలుగులోనే పెత్తనం మొదలుపెట్టింది. వాళ్లు పట్టుకున్నారు కూడా.

వాన కాస్త తెరిపిచ్చింది. కిటికీలోంచి ఒకవైపు అరటితోటలు, ఒకవైపు సముద్రం. పాపాయి గొంతు సవరించుకుంది.

"వదినా, నీకొక మాట చెప్పాలి."

"నీ ఫ్రెండు కాలు సంగతేగా? ముందు కుడిది విరిగింది, తర్వాత ఎడమది విరిగింది, నిన్న భోజనాల దగ్గర ఎవరితోనో నడుమన్నావు. పాపం ఆ మనిషిని ఇంకెన్ని ముక్కలు చేస్తావే?"

పాపాయి పకపకా నవ్వింది. నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుంది. "తెలిసీ ఎందుకొచ్చావు మరి?"

"నిన్నొక్కదాన్నీ పంపితే మీ అన్నయ్య నా ప్రాణం తీస్తాడు."

"అన్నయ్య నోరే విప్పడుగా."

"అదే, ప్రాణం తియ్యడమంటే."

పాపాయి కిటికీ వైపు తిరిగి అంది, "మా ఆయన పోయాక ఎక్కడికెళ్లినా ఒక్క టీ చెప్పి కూర్చోవడం నాకు చేతకాలేదు వదినా. అందుకే రెండు టిక్కెట్లు కొన్నాను. నిన్ను మామూలుగా రమ్మంటే రావుగా. అందుకని కాళ్లు విరగ్గొట్టాల్సొచ్చింది."

వదిన ముందుకు చూసి, "మలుపొస్తోంది, తలుపు పట్టుకో" అంది. తలుపు పట్టుకున్న చేతుల్లో పాపాయి చెయ్యి మీద తన చెయ్యి పడింది. మలుపు అయిపోయినా తియ్యలేదు.

చివరికి తలుపు దిగాల్సిన ఇల్లు వచ్చింది. యజమాని దిగాడు. సాయానికి డ్రైవరు దిగాడు. డ్రైవరు లేని బస్సులో కూర్చుని చేసేదేముందని అందరూ దిగారు. సరిగ్గా అప్పుడే వదినకు ఇంకో అవసరం గుర్తొచ్చింది. ఇంటి ఇల్లాలి దగ్గరికి వెళ్లి, ఇన్నేళ్లుగా తాను జవాబు చెప్పిన ప్రశ్ననే రెండు చేతులతో, మొహంతో, కాస్త మెలికలు తిరిగి అడిగింది. దానికి భాష అక్కర్లేదని తేలిపోయింది. ఇల్లాలు చటుక్కున అర్థం చేసుకుని పెరట్లోకి తీసుకెళ్లి చూపించింది.

నాలుగు గోడలున్నాయి. పైకప్పుంది. తలుపు లేదు. తలుపు ఇప్పుడే బస్సు దిగి వస్తోంది.

బిగించేదాకా ఆగే స్థితి దాటిపోయింది. "పాపాయ్! పట్టుకోవే!" అని వదిన లోపలికి దూరింది. పాపాయి ఒక అంచు, ఇల్లాలు ఒక అంచు పట్టుకుని తలుపుని అడ్డంగా నిలబెట్టారు. అవతల బస్సు జనం మర్యాదగా వీపులు తిప్పి నిలబడ్డారు. సరిగ్గా ఆ క్షణాన దూరంగా ఓడ కూత పెట్టింది.

"వదినా, ఓడ!"

"ఓడని ఆగమను! నువ్వు ఆ తలుపు వదిలావంటే చంపుతా!"

"నా మాటెందుకు వింటుంది!"

"సంబంధిత విభాగానికి తెలియజెయ్యి!"

పాపాయి నవ్వుతుంటే తలుపు ఊగింది. ఇల్లాలికి ఒక్క ముక్కా అర్థం కాకపోయినా నవ్వు అంటుకుంది. లోపల్నుంచి వదిన తిట్లు, బయట వీళ్ల నవ్వులు. చివరికి బయటికొచ్చి తలుపు మంచిదేనని యజమానికి బొటనవేలెత్తి చూపించి, డ్రైవరుని రెక్కపట్టి బస్సెక్కించింది వదిన.

రేవు చేరేసరికి మైకు బాబు వాళ్ల గది నెంబరు లోకమంతా వినబడేలా పిలుస్తున్నాడు. రెయిలింగుల దగ్గర ఓడ ఓడంతా వరసగా నిలబడి ఈలలు వేసింది, చప్పట్లు కొట్టింది. బురద బూట్లతో, వంకర టోపీతో వదిన మెట్లెక్కుతూ, "ఏం, ఎప్పుడూ మనుషుల్ని చూడలేదా?" అని అందరినీ కలిపి ఒకేసారి అడిగేసింది. కౌంటరు అమ్మాయి పరుగెత్తుకొచ్చి రెండు తువ్వాళ్లిచ్చింది. మడతల్లేని మామూలు తువ్వాళ్లు.

ఇంటికొచ్చాక వదిన వారంపాటు మొగుడికి ఓడ లోపాలు వర్ణించింది. ఉప్పు తక్కువ సూపు, కిటికీ లేని కర్టెన్, పాచి గాజు. ఆయన అన్నీ విన్నాడు.

"తాబేళ్లో?"

"చూడలేదు."

"అయ్యో."

"అయ్యో ఏముంది? అవి మాత్రం నన్ను చూశాయా?"

బస్‌స్టాండులో కండక్టర్లు చుట్టూ మూగి ఎలా ఉంది వదినా అంటే, "నీళ్లు. మధ్యలో అక్కడక్కడా మట్టి" అని తేల్చేసింది.

అయితే బస్సు ఉద్యోగులకి, వెంట ఒకరికి, ఉచిత పాసు ఉంటుంది. ఇన్నేళ్లూ ఆవిడ దాన్ని ఊగే బీరువా కాలికింద ఎత్తు పెట్టి ఉంచింది. ఒక ఆదివారం పొద్దున బీరువా ఒరిగి ఉండటం చూసి భర్తకి సంగతి అర్థమైంది. వదినా పాపాయీ ఏదో బస్సెక్కి, దాని ఆఖరి స్టాపు దాకా వెళ్లి, చీకటి పడే వేళకి వచ్చారు. దారిలో టైరు పంక్చరైందట. పాపాయి బిస్కెట్లు పంచిందట, వదిన డ్రైవరుకి టైరు ఎలా మార్చాలో చెప్పి తిట్లు తిందట.

"ఏం చూశారు?" అన్నాడాయన.

"మూసేసిన గేటొకటి. దాని అవతల ఏముందో చెప్పేవాడు లేడు."

"వచ్చే ఆదివారం?"

"ఇంకో వైపు వెళ్తాం." వదిన చెప్పులు విప్పుతూ ఆయన వంక చూసింది. "మీరూ రండి. నోరెలాగూ వాడరు, చేతులైనా పనికొస్తాయి, సంచి మొయ్యొచ్చు."

"పాసు ఇద్దరికేగా" అన్నాడాయన.

"నీకు టిక్కెట్టు కొంటాలే అన్నయ్యా" అంది పాపాయి.

ఆయన బీరువా కాలికింద పెట్టడానికి చెక్కముక్క వెతకసాగాడు.